తల ముందా, కడుపు ముందా? – తలనొప్పి, ఆమ్లపిత్తము కలిసి వచ్చినపుడు మూలమును గుర్తించు విధానము

తలనొప్పి, వికారం, పులి త్రేనుపులు, ఛాతీలో మంట – ఈ నాలుగూ ఒకే మనిషిని ఒకే రోజున పట్టుకొన్నపుడు మన ఇండ్లలో సాధారణంగా రెండు మాటలలో ఒకటి వినిపిస్తుంది. “పైత్యం చేసింది” అని పెద్దలు అంటారు. “గ్యాస్ తలకెక్కింది” అని పిన్నలు అంటారు. మొదటివారు నిమ్మరసమో, శొంఠి పట్టో సూచిస్తారు. రెండవవారు మందుల దుకాణం నుండి మంట తగ్గించే మాత్ర ఒకటి, నొప్పి మాత్ర ఒకటి తెప్పించుకొంటారు. ఆ పూటకు ఉపశమనం కలుగుతుంది. పది రోజులకు బాధ తిరిగి వస్తుంది. కొంతకాలానికి నెలకు రెండుసార్లు వచ్చేది వారానికి రెండుసార్లు వస్తుంది.

రోగం ఎక్కడ పుట్టినదో తెలిసికొనక, ఎక్కడ బాధిస్తున్నదో అక్కడ మాత్రమే మందు వేయడం వలన ఇట్లు జరుగుతుంది. కడుపులో పుట్టి తలకు పోయే వ్యాధి వేరు. తలలో పుట్టి కడుపును కలతపెట్టే వ్యాధి వేరు. మనం మింగిన మాత్రలే రెండింటినీ చెడగొట్టే స్థితి వేరు. పైకి మూడూ ఒకటిగానే కనిపిస్తాయి గాని చికిత్స ఒకటి కాదు. ఒకదానికి ఔషధమైనది మరొకదానికి అపథ్యం కావచ్చు. ఈ మూడింటినీ ఒక నోటుపుస్తకం సాయంతో ఇంటివద్దనే ఎట్లు వేరుపరచవచ్చునో ఈ పాఠంలో తెలిసికొందాము.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో శిరోరోగములు 11 అని చెప్పబడింది. వాతజ, పిత్తజ, కఫజ, సన్నిపాతజ, రక్తజ, క్షయజ, క్రిమిజములు 7. సూర్యావర్త, అనంతవాత, అర్ధావభేదక, శంఖకములు 4. వీనిలో అర్ధావభేదకమే మనవారు పార్శ్వపు నొప్పి, ఒంటికణత నొప్పి అని పిలిచేది. ఆధునిక వైద్యులు మైగ్రేన్ అని చెప్పే వ్యాధికి ఇది చాలవరకు దగ్గరగా ఉంటుంది. ప్రొద్దు ఎక్కిన కొద్దీ పెరిగి, ప్రొద్దు వాలిన కొద్దీ తగ్గే నొప్పి సూర్యావర్తము.

అర్ధావభేదకమునకు చరకుడు సిద్ధిస్థానంలో చెప్పిన కారణాలను చూడండి. రూక్షమైన, అనగా చమురు లేని పొడి ఆహారం, తిన్నది అరగకముందే మరల తినడం, దీనికే అధ్యశనమని పేరు, ఎదురుగాలి, మంచు, మలమూత్రాది వేగములను ఆపుకొనడం, అతిశ్రమ. తలనొప్పికి చెప్పిన ఈ కారణాలలో కొన్ని అన్నమునకు, కోష్ఠమునకు సంబంధించినవే. మలవేగమును ఆపితే పక్వాశయంలోను, శిరస్సులోను నొప్పి కలుగునని సూత్రస్థానంలో కూడ ఉన్నది.

ఇక ఆమ్లపిత్తమును మాధవనిదానము ఊర్ధ్వగము, అధోగము అని రెండు విధాలుగా విభజించింది. పైముఖంగా పోయే ఊర్ధ్వగ ఆమ్లపిత్త లక్షణాలలో చేదు, పులుపు వాంతులు, త్రేనుపులు, గొంతులోను గుండెలోను మంటతో పాటు తలనొప్పి కూడ చెప్పబడింది.

దీనికి ఎదురు దిశలో జరిగే దానిని నేటి శరీరశాస్త్రం స్పష్టపరచింది. మెదడునుండి జీర్ణాశయమునకు పోయే వేగస్ నాడి అనే పెద్ద నాడి ఉన్నది. మైగ్రేన్ వచ్చినపుడు జీర్ణాశయపు కదలిక మందగిస్తుంది. తిన్నది దిగువకు త్వరగా దిగదు. అందువలన వికారం, కడుపు బరువు, త్రేనుపులు కలుగుతాయి. నొప్పి ముదిరిన తరువాత మింగిన మాత్ర సరిగా పనిచేయకపోవడానికి కూడ ఇది ఒక కారణం. మాత్ర కడుపులోనే నిలిచిపోతుంది.

మొదటి విధము: కడుపు ముందు, తల తరువాత

భోజనమైన కొద్దిసేపటికో, రెండు మూడు గంటలకో ఛాతీలో మంట మొదలవుతుంది. ముందుకు వంగినా, వెంటనే పడుకొన్నా మంట ఎక్కువవుతుంది. పులినీళ్లు గొంతులోకి వస్తాయి. ఆ తరువాత నుదుట బరువుగా, మొద్దుగా తలనొప్పి వస్తుంది. ఇది సాధారణంగా తల అంతటా గాని, నుదుట గాని ఉంటుంది; సుత్తితో కొట్టినట్లు ఉండదు. వెలుతురు, చప్పుడు అంతగా బాధించవు. మంట తగ్గితే తల కూడ తేలికపడుతుంది. కారం, పులుపు, వేపుళ్లు, రాత్రి ఆలస్యపు భోజనం, పొగాకు, మద్యం దీనికి ప్రధాన హేతువులు. మలబద్ధం గలవారిలో రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే తల బరువెక్కడం కూడ ఈ విధములోనిదే.

రెండవ విధము: తల ముందు, కడుపు తరువాత

ఇది మన ఇండ్లలో ఎక్కువగా పొరపాటు పడే విధము. ఒక కణతలోగాని, రెండు కణతలలోగాని నాడి కొట్టుకొన్నట్లు నొప్పి. మెట్లు ఎక్కితే, వంగి పని చేస్తే పెరుగుతుంది. వెలుతురు, చప్పుడు, పోపు వాసన, అగరువత్తి వాసన సహించవు. చీకటి గదిలో కదలకుండా పడుకొనవలెననిపిస్తుంది. మందు వేయకపోతే 4 గంటలనుండి 72 గంటలవరకు ఉండవచ్చు. మధ్యలో వికారం, వాంతి.

వాంతి అయిన తరువాత చాలమందికి నొప్పి తగ్గుతుంది. దానిని చూచి “పైత్యమంతా పోయింది, అందుకే తగ్గింది” అని నమ్ముతారు. కొందరు వ్రేలు పెట్టుకొని వాంతి చేసికొంటారు. ఇది మానవలెను. వాంతి అనంతరం తలనొప్పి తగ్గడం మైగ్రేన్ స్వభావంలోనే ఉన్నది. దానిని బట్టి నొప్పి కడుపులో పుట్టినదని నిర్ణయించరాదు.

ఇంకొక భ్రమ కూడ ఉన్నది. ఈ నొప్పికి కొన్ని గంటలముందు, ఒక్కొక్కరికి ముందురోజుననే, ఆవులింతలు, చిరాకు, మెడ పట్టివేయడం, తీపి తినవలెననే కోరిక కలుగుతాయి. ఆ కోరికతో మిఠాయి తింటారు. తరువాత నొప్పి వస్తే మిఠాయిని నిందిస్తారు. నిజానికి వ్యాధి అప్పటికే మొదలైనది. కోరిక దాని తొలి సూచన. ఇట్లు ఒక్కొక్క పదార్థాన్నీ వదలుకొంటూ పోయి, చివరకు ఏమీ తినలేని స్థితికి వచ్చినవారు కూడ ఉంటారు.

ఆధునిక వైద్యులు మైగ్రేన్‌ను త్వరగా అనుమానించుటకు మూడు ప్రశ్నలు అడుగుతారు. గత మూడు నెలలలో తలనొప్పితో పాటు వికారం కలిగినదా? మామూలు సమయం కంటే వెలుతురు ఎక్కువగా బాధించినదా? నొప్పివలన ఒకరోజైనా చేయవలసిన పని చేయలేకపోయినారా? రెండింటికైనా “అవును” అని సమాధానం వస్తే ఈ రెండవ విధమునకే అవకాశం ఎక్కువ. స్త్రీలలో బహిష్టుకు ఒకటి రెండు రోజులముందు నొప్పి వచ్చుచుండుట మరొక గుర్తు.

పిల్లల విషయంలో ఒక మాట. పార్శ్వపు నొప్పి గల కుటుంబాలలో కొందరు పిల్లలకు తలనొప్పి లేకుండ బొడ్డు చుట్టూ నొప్పి, ముఖం పాలిపోవడం, వాంతులు విడతలు విడతలుగా వచ్చి, మధ్యకాలంలో ఆరోగ్యంగా ఉంటారు. దీనిని నులిపురుగులనో, బడికి ఎగవేతకనో తీసిపారవేయక వైద్యునికి చూపవలెను.

మూడవ విధము: మాత్రయే మూలము

తలనొప్పికి వాడే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు జీర్ణాశయపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. పుండు పడవచ్చు, రక్తస్రావం కావచ్చు. పారాసిటమాల్ కడుపునకు అంతగా హాని చేయకపోయినా మోతాదు మించితే కాలేయమునకు ప్రమాదం. ఇది సగం కథ మాత్రమే.

తలనొప్పి తరచుగా వచ్చేవారు నొప్పి మాత్రలు అతిగా వాడితే ఆ మాత్రల వలననే ప్రతిదినం తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది. విడి నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, లేక అంతకు మించి; రెండు మూడు మందులు కలిపిన మాత్రలు, ఎర్గటమిన్ గలవి, ట్రిప్టాన్ జాతివి నెలకు 10 రోజులు, లేక అంతకు మించి – ఇట్లు మూడు నెలలు దాటితే ఈ స్థితిని అనుమానించవలెను. ఉదయం లేవగానే తలనొప్పి, మాత్ర వేస్తే కొన్ని గంటలు శాంతి, సాయంత్రానికి మరల నొప్పి. దానికి తోడు కడుపులో మంట, ఆ మంటకు ఇంకొక మాత్ర. ఈ చక్రంలో పడినవారికి ఏ కషాయమైనా, ఏ చూర్ణమైనా మూలం కదలనంతవరకు పని చేయదు.

నోటుపుస్తకంతో పరీక్ష

30 రోజులు ప్రతిరాత్రి అయిదు విషయాలు వ్రాయండి. ఒకటి, ఉదయం లేచిన వేళ, నిద్రపట్టిన వేళ. రెండు, తిన్న వేళలు, త్రాగిన కాఫీ, టీల సంఖ్య. మూడు, విరేచనం అయినదా, లేదా. నాలుగు, బాధ కలిగితే మొదట తెలిసినది ఏది, ఎన్ని గంటలకు. తరువాత తెలిసినది ఏది. అయిదు, వేసికొన్న ప్రతి మాత్ర పేరు. స్త్రీలు బహిష్టు దినములను కూడ గుర్తించవలెను.

ఉదాహరణకు ఒక గృహిణి పుస్తకం ఇట్లున్నదనుకొందాము. తలనొప్పి, వాంతి వచ్చినవి ఆరు రోజులు. వానిలో మూడు శనివారాలు, ఒక ఏకాదశి. ఆ నాలుగు రోజులు ఆమె ఉదయం కాఫీ మాత్రం త్రాగి మధ్యాహ్నం రెండు గంటలవరకు ఏమీ తినలేదు. మిగిలిన రెండు రోజులు బహిష్టుకు ముందు. ప్రతిసారీ మొదట కణత నొప్పి, గంటన్నరకు వికారం. మాత్రలు నెలకు ఆరు. ఇది రెండవ విధము. ఆమెకు కావలసినది ఆమ్లహర మాత్ర కాదు, సకాలంలో అన్నం. కాఫీ మాత్రమే త్రాగి చేసిన ఉపవాసం ఆమె విషయంలో వ్యాధికి హేతువవుతున్నది.

“లంఖణం పరమౌషధం” అనే సామెత ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. ఆమము గల జ్వరంలో, అజీర్ణంలో అది సత్యమే. కాని లంఘనమనగా ఉపవాసం ఒక్కటే కాదు. చరకుడు లంఘనమును 10 విధాలుగా చెప్పినాడు. ఉపవాసం వానిలో ఒకటి. పార్శ్వపు నొప్పి గలవారు వ్రతదినములలో పాలు, పండ్లు, పేలాలు వంటి లఘువైన ఆహారమును వేళకు తీసికొనుట మేలు.

చికిత్స, పథ్యము

మొదటి విధమునకు: రాత్రి భోజనం నిద్రకు మూడు గంటలముందే ముగించవలెను. మంచపు తలవైపు కాళ్లక్రింద అరజానెడు ఎత్తు చెక్కలు పెట్టి, ఎడమప్రక్కకు తిరిగి పడుకొనవలెను. ఊరగాయలు, వేపుళ్లు, రాత్రివేళ పులుసులు తగ్గించవలెను. ధాన్యక హిమము దీనికి మంచిది. 10 గ్రాముల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, 60 మిల్లీలీటర్ల నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగవలెను. మధుమేహం గలవారు పటికబెల్లం మానవలెను. మలబద్ధం ఉన్నచో 15 ఎండుద్రాక్షలు నానవేసి తినవచ్చును, లేక త్రిఫలా చూర్ణం 3 గ్రాములు రాత్రి గోరువెచ్చని నీటితో తీసికొనవచ్చును. గర్భిణులు త్రిఫల వాడరాదు. మంట గలవారు శొంఠి, మిరియాల కషాయములు త్రాగరాదు, పిత్తమును పెంచుతాయి.

రెండవ విధమునకు: పగటివేళ నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచరాదు. నిద్ర వేళలు ఆదివారమైనా మారరాదు. కాఫీ రెండు కప్పులకు మించక, రోజూ ఒకే వేళకు త్రాగవలెను. ఎక్కువ త్రాగేవారు ఒక్కసారి మానితే ఆ మానడం వలననే తలనొప్పి వస్తుంది. వారానికి అరకప్పు చొప్పున తగ్గించవలెను. నొప్పి మొదలైన వెంటనే చీకటి గదిలో విశ్రాంతి, నుదుట చల్లని తడిగుడ్డ లేక మంచిగంధం. వికారమునకు పావు చెంచా శొంఠిపొడి గోరువెచ్చని నీటిలో కలిపి కొద్దికొద్దిగా త్రాగవచ్చును. మొదటి విధములో వద్దన్న శొంఠియే ఇక్కడ ఉపకరిస్తున్నదని గమనించండి. రక్తం పలుచబడుటకు మందులు వాడేవారు మాత్రం వైద్యుని అడుగవలెను. వాంతులు ఎక్కువగా ఉంటే గుప్పెడు వరి పేలాలను రెండు గ్లాసుల వేడినీటిలో అరగంట నానవేసి వడగట్టి, ఆ నీరు చెంచాలతో ఇవ్వవలెను. నెలకు నాలుగు దినములకు మించి నొప్పి వచ్చేవారికి, నొప్పి రాకుండ వాడవలసిన మందులు రెండు వైద్యాలలోనూ ఉన్నవి. వైద్యుని కలిసి వాడుకొనవలెను.

మూడవ విధమునకు: మాత్రలు తగ్గించుటయే చికిత్స. విడి నొప్పి మాత్రలు మానినపుడు మొదటి వారం, పది రోజులు తలనొప్పి హెచ్చవచ్చును. తరువాత క్రమంగా తగ్గుతుంది. ఈ సంగతి ముందుగా తెలియనివారు మూడవరోజుననే బెదరి మరల మాత్ర వేసికొంటారు. కావున వైద్యుని పర్యవేక్షణలో, ఇంటివారి సహకారంతో మానవలెను. నిద్రమాత్రలు, మత్తు కలిసిన మందులు వాడేవారు స్వయంగా ఆపరాదు. గుండెజబ్బుకు ఇచ్చిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను గుండె వైద్యుడు చెప్పనిదే ఆపరాదు.

దుకాణంలో కొని నెలల తరబడి వాడే ఆయుర్వేద ఔషధాలకు కూడ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. అవిపత్తికర చూర్ణంలో చక్కెర, విరేచనకారియైన తెల్లతెగడ ఎక్కువ పాళ్లలో ఉంటాయి. సూతశేఖర రసము పాదరస గంధకములతో చేసిన రసౌషధము. ఇవి వైద్యుడు ఇచ్చినపుడు, ఇచ్చినంతకాలమే వాడవలెను. అతిమధురం ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది. గర్భిణులకు, రక్తపోటు గలవారికి అది తగదు.

“పైత్యమే గదా” అని ఊరుకొనరాని లక్షణాలు

తలనొప్పి, వాంతి కలిసి వచ్చే స్థితులలో కొన్ని పై మూడు విధములలోనూ చేరవు. ఈ క్రింది వానిలో ఏది కనిపించినా నోటుపుస్తకం, గృహవైద్యం ప్రక్కనపెట్టి ఆలస్యం లేకుండ ఆసుపత్రికి పోవలెను.

1. క్షణాలలో పరాకాష్ఠకు చేరిన, జీవితంలో ఎన్నడూ ఎరుగని తలనొప్పి.

2. జ్వరంతో మెడ బిగిసిపోవడం; మాట తడబడడం; మూతి వంకర; చేయి, కాలు బలహీనపడడం; మూర్ఛ; తలకు దెబ్బ తగిలిన తరువాత నొప్పి, వాంతులు.

3. కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తూ తలనొప్పి, వాంతి రావడం. ఇది కంటిలో ఒత్తిడి పెరిగినందువలన కావచ్చును. పైత్యమని పడుకొంటే గంటలలో చూపు పోయే ప్రమాదమున్నది.

4. అయిదవ నెల దాటిన గర్భిణికి, లేక ప్రసవమైన కొద్దివారాలలో బాలింతకు తీవ్రమైన తలనొప్పి, ప్రక్కటెముకల క్రింద కడుపునొప్పి, కళ్లముందు మెరుపులు, ముఖం వాపు. వెంటనే రక్తపోటు చూపించవలెను. తల్లీబిడ్డల ప్రాణములు దీనిపై ఆధారపడి ఉంటాయి.

5. 50 సంవత్సరాలు దాటిన తరువాత మొదటిసారిగా మొదలైన తలనొప్పి. వారం వారానికీ పెరుగుతూ ఉదయపు వాంతులతో కూడిన తలనొప్పి.

6. నల్లని తారువంటి విరేచనం, రక్తపు వాంతి, మింగుటకు కష్టం, కారణం లేకుండ బరువు తగ్గడం.

7. పైకడుపులో మంట లేక బరువుతో పాటు చెమటలు, ఆయాసం, దవడకు గాని చేతికి గాని ప్రాకే నొప్పి. ఇది గ్యాస్ కాక గుండెపోటు కావచ్చును.

8. ఒకే ఇంటిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం రావడం. గ్యాస్ గీజరు ఉన్న స్నానపుగదిలో తల తిరగడం. విషవాయువు కారణం కావచ్చును. ముందుగా అందరినీ బయటి గాలిలోకి తీసికొనిపోవలెను.

ఇవేవీ లేనివారు ఈ రాత్రినుండే పుస్తకం ప్రారంభించండి. 30 రోజుల తరువాత రెండు లెక్కలు తీయండి: బాధ వచ్చిన రోజులెన్ని, మాత్ర వేసికొన్న రోజులెన్ని. తరువాతి నెల పథ్యం పాటించి మరల అవే లెక్కలు తీయండి. రెండు అంకెలూ తగ్గితే మీరు గుర్తించిన మూలం సరియైనదేనని నమ్మవచ్చును. తగ్గకపోయినా, మాత్రల సంఖ్య 10 దాటినా ఆ పుస్తకాన్ని తీసికొని వైద్యుని వద్దకు వెళ్లండి. ఏది ముందు, ఏది తరువాత అని ఆయన అడిగే మొదటి ప్రశ్నకు సమాధానం అందులో వ్రాసియే ఉంటుంది.